స్వేచ్ఛా న్యూట్రాన్ ఆయుఃప్రమాణం

అణుకేంద్రకపు బంధం నుండి విడివడి, మరే కేంద్రకంలోనూ చిక్కుకోకుండా సంచరించే న్యూట్రాన్‌ను స్వేచ్ఛా న్యూట్రాన్ అంటారు. విద్యుదావేశం లేని ఈ కణం శాశ్వతమైనది కాదు. కొంతకాలానికి అది తనంతట తానే ప్రోటాన్‌గా మారి, ఒక ఎలక్ట్రాన్‌నూ ఒక ప్రతిన్యూట్రినోనూ వెలువరిస్తుంది. ఈ పరిణామానికి బీటా క్షయమని పేరు. ఫలానా న్యూట్రాన్ ఏ క్షణాన క్షయమవుతుందో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. కాని కోట్ల సంఖ్యలో ఉన్న న్యూట్రాన్ల సగటు ఆయువును కొలవడం సాధ్యమే. ఆ సగటు పావుగంటకు కొన్ని సెకన్లు తక్కువ. ఆ కొన్ని సెకన్లు ఎన్ని అన్న విషయంలోనే, రెండు కొలత పద్ధతులు ఇరవయ్యేళ్లుగా రెండు భిన్నమైన సమాధానాలు చెబుతున్నాయి.

ముందుగా రెండు పరిమాణాలను వేరుచేసి గ్రహించాలి. ఒక న్యూట్రాన్ సమూహంలో సగం క్షయమవడానికి పట్టే కాలం అర్ధాయువు. సమూహంలోని న్యూట్రాన్లన్నీ జీవించిన కాలాల సగటు, సగటు జీవితకాలం. క్షయం ఘాతీయ నియమాన్ని అనుసరిస్తుంది కాబట్టి, సగటు జీవితకాలాన్ని 0.693తో గుణిస్తే అర్ధాయువు వస్తుంది. సగటు 878 సెకన్లయితే అర్ధాయువు సుమారు 609 సెకన్లు, అంటే పది నిమిషాల తొమ్మిది సెకన్లు. పాత గ్రంథాలు అర్ధాయువునూ, నేటి పరిశోధకులు సగటునూ పేర్కొంటారు. పోటీ పరీక్షల పుస్తకాలలో ఈ రెండూ కలగాపులగమై కనిపించడం కద్దు. చదువరి జాగ్రత్త వహించాలి.

న్యూట్రాన్ ఎందుకు క్షయమవుతుంది? దాని ద్రవ్యరాశి, శక్తి ప్రమాణాలలో చెప్పాలంటే, 939.565 మెగా ఎలక్ట్రాన్‌వోల్టులు, ప్రోటాన్‌ది 938.272. భేదం 1.293. కొత్తగా పుట్టే ఎలక్ట్రాన్‌కు అందులో 0.511 పోగా 0.782 మెగా ఎలక్ట్రాన్‌వోల్టులు మిగులుతాయి. ఈ మిగులే క్షయాన్ని సాధ్యం చేస్తుంది. క్షయంలో పుట్టిన కణాలు దీనినే గతిజశక్తిగా పంచుకుంటాయి. మిగులు ఇంత స్వల్పం కావడం వల్లనూ, క్షయానికి కారణమైన బలహీన అంతరక్రియ పేరుకు తగినట్టే బలహీనం కావడం వల్లనూ, కణప్రపంచపు ప్రమాణాలతో చూస్తే న్యూట్రాన్ చిరాయువే. ఇతర అస్థిర కణాలలో అత్యధికం సెకనులో లక్షలవ, కోట్లవ వంతులలోనే అంతరిస్తాయి.

అయితే న్యూట్రాన్ క్షయశీలమైనప్పుడు మన చుట్టూ ఉన్న పదార్థం ఎలా నిలిచి ఉంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి తెలంగాణలోని పినపాక ప్రాంత వాసులు దూరం పోనక్కరలేదు. పినపాక నియోజకవర్గంలోనే, అశ్వాపురం మండలంలో, మణుగూరు భారజల కర్మాగారం ఉంది; అక్కడ తయారయ్యే భారజలంలోనే ఆ సమాధానం దాగి ఉంది. 1991లో ప్రారంభమైన ఈ కర్మాగారపు వార్షిక సామర్థ్యం 185 టన్నులు. గోదావరి నీరే దానికి ముడిసరుకు. ఆవిరికీ విద్యుత్తుకూ ఇంధనం మణుగూరు సింగరేణి బొగ్గు.

సాధారణ హైడ్రోజన్ కేంద్రకంలో ఒక ప్రోటాన్ మాత్రమే ఉంటుంది. ప్రోటాన్‌తో పాటు ఒక న్యూట్రాన్ కూడా ఉన్న హైడ్రోజన్‌ను డ్యుటీరియం అంటారు. 1931లో హెరాల్డ్ యూరీ దీనిని కనుగొని, 1934లో నోబెల్ బహుమతి పొందాడు. హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం చేరిన నీరే భారజలం. నదీజలంలో దాదాపు 6,500 నుండి 7,000 హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటి మాత్రమే డ్యుటీరియం కాగా, రియాక్టర్లకు కావలసిన భారజలంలో అది 99.8 శాతం దాకా ఉండాలి. ఇంతటి సాంద్రీకరణ ఒక్క విడతలో జరిగేది కాదు.

అశ్వాపురంలో ఆ పని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకూ నీటికీ మధ్య జరిగే పరమాణు వినిమయంతో సాగుతుంది. ఎత్తైన స్తంభాలలో నీరు పైనుండి కిందికి దిగుతుంటే, వాయువు కిందినుండి పైకి వెళుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో డ్యుటీరియం నీటి వైపు మొగ్గుతుంది. 130 డిగ్రీల ప్రాంతంలో ఆ మొగ్గు తగ్గి, వాయువులోకి మళ్లుతుంది. చల్లని స్తంభాన్నీ వేడి స్తంభాన్నీ ఒకదానితో ఒకటి జోడిస్తే, రెండింటి నడుమ ఉన్న నీటిలో డ్యుటీరియం క్రమంగా పోగవుతుంది. చివరి మెట్టులో శూన్య స్వేదనం దానిని తుదిస్థాయికి చేరుస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు. కొద్ది మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు మించితే ఘ్రాణశక్తినే చంపివేస్తుంది కాబట్టి, వాసన ఆగిపోయింది గదా అని ప్రమాదం తప్పినట్టు భావించరాదు.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. డ్యుటీరియం కేంద్రకంలోని ప్రోటాన్‌నూ న్యూట్రాన్‌నూ విడదీయడానికి 2.224 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి కావాలి. ఇది దాని బంధనశక్తి. లోపలి న్యూట్రాన్ క్షయమైతే కేంద్రకంలో రెండు ప్రోటాన్లు మిగలాలి. రెండు ప్రోటాన్లు మాత్రమే కలిసి కేంద్రకంగా నిలవలేవు. కాబట్టి ఆ క్షయానికి బంధనశక్తి మొత్తాన్నీ మూల్యంగా చెల్లించాలి. న్యూట్రాన్ చేతిలో ఉన్న మిగులు 0.782 మాత్రమే, చెల్లించవలసింది 2.224. శక్తి నిత్యత్వ నియమం అప్పును అనుమతించదు. అందుచేత ఆ న్యూట్రాన్ క్షయం కాదు, ఎంతకాలమైనా కాదు.

దీనిని బట్టి న్యూట్రాన్లను మూడు తరగతులుగా విభజించవచ్చు: స్వేచ్ఛా న్యూట్రాన్లు, డ్యుటీరియం, హీలియం వంటి కేంద్రకాలలోని స్థిరబద్ధ న్యూట్రాన్లు, ట్రిటియం వంటి కేంద్రకాలలోని అస్థిరబద్ధ న్యూట్రాన్లు. మూడవ తరగతిలో ఆయువు కేంద్రకాన్ని బట్టి మారుతుంది. ట్రిటియం అర్ధాయువు 12.3 సంవత్సరాలు. మన వ్యాసవిషయం మొదటి తరగతి మాత్రమే.

చరిత్రలో కూడా ఈ విషయం డ్యుటీరియంతోనే మొదలయింది. 1932లో జేమ్స్ చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నప్పుడు, దాని ద్రవ్యరాశి అది క్షయమవుతుందా లేదా అని తేల్చేటంత కచ్చితంగా తెలియదు. 1934లో చాడ్విక్, మారిస్ గోల్డ్‌హేబర్ కలిసి, థోరియం సంతతి మూలకం వెలువరించే గామా కిరణాలతో డ్యుటీరియం కేంద్రకాన్ని చీల్చారు. ఆ చీలికకు అయిన శక్తిని లెక్కించగా, న్యూట్రాన్ హైడ్రోజన్ పరమాణువు కంటే బరువైనదని తేలింది. బరువైనది కాబట్టి క్షయమై తీరాలి. అయితే ఈ తర్కాన్ని ప్రయోగంతో రుజువు చేయడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. ఎందుకంటే అందుకు కావలసినన్ని న్యూట్రాన్లు రియాక్టర్లు వచ్చిన తరువాతనే లభించాయి. అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో ఆర్థర్ స్నెల్ బృందం 1948-50 మధ్య క్షయ చిహ్నాలను పట్టుకుంది. కెనడాలోని చాక్‌రివర్‌లో జాన్ రాబ్సన్ 1951లో అర్ధాయువును 12.8 నిమిషాలుగా, అటూ ఇటూ 2.5 నిమిషాల దోషపరిమితితో, ప్రకటించాడు. ఆయన వాడిన రియాక్టర్‌లో న్యూట్రాన్లను మందగింపజేసింది భారజలమే.

మందగింపజేయడం ఎందుకు? యురేనియం విచ్ఛిత్తిలో పుట్టే న్యూట్రాన్లు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో వెలువడతాయి. వాటి వేగాన్ని వరుస తాడనాలతో తగ్గించే పదార్థాన్ని మితకారి అంటారు. మంచి మితకారికి రెండు గుణాలుండాలి: దాని కేంద్రకాలు తేలికగా ఉండాలి, అవి న్యూట్రాన్లను మింగరాదు. సాధారణ హైడ్రోజన్‌తో సుమారు 18 తాడనాలలో న్యూట్రాన్ ఉష్ణసమతుల్యానికి వస్తుంది. డ్యుటీరియంతో 25 కావాలి. మొదటి గుణంలో హైడ్రోజన్‌దే పైచేయి. రెండవ గుణంలో మాత్రం పోలికే లేదు: న్యూట్రాన్‌ను సంగ్రహించే గుణం డ్యుటీరియంలో హైడ్రోజన్ కంటే ఆరువందల రెట్లకు పైగా తక్కువ. సహజ యురేనియంతోనే మన భారజల రియాక్టర్లు నడవడానికి ఇదే ఆధారం. 1985లో ట్రాంబేలో ప్రారంభమైన ధ్రువ పరిశోధన రియాక్టరూ, ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో లావే-లాంజెవాఁ సంస్థ రియాక్టరూ భారజలాన్నే మితకారిగా వాడి న్యూట్రాన్ పుంజాలను అందిస్తాయి. న్యూట్రాన్ ఆయుఃపరిశోధనలో గ్రెనోబుల్ పేరు పదే పదే వస్తుంది.

ఇక కొలత. ఒక సమూహపు క్షయాన్ని రెండు విధాలుగా పరిశీలించవచ్చు. క్షయమైనవాటిని లెక్కించడం ఒకటి, క్షయం కాకుండా మిగిలినవాటిని లెక్కించడం మరొకటి. మొదటిది పుంజ పద్ధతి, రెండవది పాత్ర పద్ధతి.

పుంజ పద్ధతిలో నెమ్మదైన న్యూట్రాన్ల పుంజం నిర్దిష్ట పొడవు గల ప్రదేశం గుండా సాగిపోతుంది. ఆ ప్రదేశంలో ఏ క్షణానైనా ఉన్న న్యూట్రాన్ల సంఖ్యను, అక్కడ సెకనుకు జరిగే క్షయాల సంఖ్యతో భాగిస్తే సగటు జీవితకాలం వస్తుంది. సూత్రం ఇంత సులభం. ఆచరణ అంత కఠినం. సెకనుకు వెయ్యి మీటర్ల వేగంతో వెళ్లే న్యూట్రాన్ 30 సెంటీమీటర్ల దూరాన్ని సెకనులో మూడు వేలవ వంతుకు దగ్గరి కాలంలో దాటిపోతుంది. అంతలో క్షయమయ్యేది దాదాపు ముప్పై లక్షలలో ఒకటి. ఆ ఒక్కటి విడిచిన ప్రోటాన్ శక్తి గరిష్ఠంగా 751 ఎలక్ట్రాన్‌వోల్టులే. ఇంత దుర్బలమైన ప్రోటాన్‌ను బలమైన అయస్కాంత క్షేత్రంలో, విద్యుత్ గోడల నడుమ బంధించి, తరువాత శోధకం వైపు తోలి లెక్కిస్తారు. పుంజంలోని న్యూట్రాన్ల సంఖ్యను, పలుచని లిథియం-6 పూతపై అవి కలిగించే చర్యల ద్వారా రాబడతారు. పూత మందంలో దోషం ఉంటే ఫలితమంతటా అదే నిష్పత్తిలో దోషం ఉంటుంది. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో జరిగిన ఈ ప్రయోగపు సవరించిన ఫలితం 2013లో వెలువడింది: 887.7 సెకన్లు, దోషపరిమితి సుమారు 2.2.

పాత్ర పద్ధతికి మరింత నెమ్మదైన న్యూట్రాన్లు కావాలి. సెకనుకు ఏడెనిమిది మీటర్లకు మించని, అంటే మనిషి పరుగెత్తి అందుకోగల వేగమున్న వాటిని అతిశీతల న్యూట్రాన్లు అంటారు. వీటి శక్తి ఎలక్ట్రాన్‌వోల్టులో కోటివంతుల లెక్కలో ఉంటుంది. కొన్ని లోహాల ఉపరితలాలను ఇవి ఏ కోణంలో తాకినా వెనుకకు మరలుతాయి. అందుచేత వీటిని పాత్రలో పోసి నిలువచేయవచ్చు. ఈ ఊహను 1959లో యాకోవ్ జెల్డోవిచ్ ప్రతిపాదించాడు. 1968లో దుబ్నాలో షపీరో బృందం అటువంటి న్యూట్రాన్లను మొదటిసారి ప్రయోగంలో చూసింది. పాత్రను నింపి, మూసి, కొంత వ్యవధి తరువాత మిగిలినవాటిని లెక్కించాలి. తిరిగి నింపి, మరింత దీర్ఘమైన వ్యవధి తరువాత లెక్కించాలి. రెండు సంఖ్యల నిష్పత్తి నుండి జీవితకాలం వస్తుంది. మొదట ఎన్ని పోశామో తెలియకపోయినా ఫరవాలేదు. ఈ పద్ధతికున్న గొప్ప సౌలభ్యం అదే.

చిక్కు వేరొక చోట ఉంది. వేసవిలో చెరువు మట్టం తగ్గితే, ఎంత నీరు ఆవిరై పోయిందో, ఎంత కట్ట కింద ఊటగా పోయిందో మట్టపు కొలబద్ద ఒక్కటే చెప్పలేదు. పాత్రలోనూ అంతే: క్షయమైనవీ, గోడలలో ఇంకిపోయినవీ ఒకే లెక్కలో తగ్గుతాయి. అనటోలీ సెరెబ్రోవ్ బృందం గోడలకు ఫ్లోరిన్ గల నూనె పూసి, బాగా చల్లబరిచి ఈ నష్టాన్ని చాలావరకు తగ్గించింది. 2005లో గ్రెనోబుల్ నుండి వెలువడిన వారి ఫలితం 878.5 సెకన్లు, దోషపరిమితి 0.8. అప్పటివరకు ప్రపంచం అంగీకరించిన సగటు 885.7. ఏడు సెకన్ల తేడాను తొలుత చాలామంది నమ్మలేదు. గుర్తింపు పొందిన సగటును ఒక్క ప్రయోగం ఇంత దూరం లాగినప్పుడు అనుమానించడం శాస్త్రధర్మమే. కాని ఆ అనుమానం పాత ఫలితాల మీద కూడా సమానంగా పడవలసింది.

గోడల సమస్యను మూలంలోనే తొలగించిన ప్రయోగం లాస్ అలమోస్‌లో జరిగింది. అక్కడి న్యూట్రాన్లను ఘనీభవించిన డ్యుటీరియం అతిశీతల స్థితికి తెస్తుంది. అవి తొట్టివంటి పాత్రలోకి దిగుతాయి. ఆ పాత్ర అడుగూ పక్కలూ సుమారు నాలుగు వేల శాశ్వత అయస్కాంతాలతో పేర్చినవి. పైన మూత లేదు. న్యూట్రాన్‌కు ఆవేశం లేకపోయినా స్వల్పమైన అయస్కాంత భ్రామకం ఉంది. కాబట్టి సరైన దిశలో ధ్రువీకృతమైన న్యూట్రాన్‌ను క్షేత్రం పదార్థాన్ని తాకకముందే వెనుకకు నెడుతుంది. పై నుండి తప్పించుకోకుండా ఆపేది భూమ్యాకర్షణ. ఒక మీటరు ఎత్తుకు ఎక్కడానికి న్యూట్రాన్‌కు ఎలక్ట్రాన్‌వోల్టులో కోటివంతు శక్తి ఖర్చవుతుంది. అంత శక్తి లేనిది ఎగిరి, ఆగి, తిరిగి పడుతుంది. నిలువ వ్యవధి ముగిశాక, బోరాన్-10 పూసిన శోధకాన్ని పై నుండి పాత్రలోకి దించి, మిగిలినవాటిని అక్కడికక్కడే లెక్కిస్తారు. విశ్లేషకులు తమకు తెలియకుండానే ఆశించిన సంఖ్య వైపు మొగ్గకుండా, నిలువ కాలాలను రహస్యంగా మార్చి ఇచ్చారు. మూడు విశ్లేషణలు వేర్వేరుగా పూర్తయ్యాకనే అసలు కాలాలు బయటపెట్టారు. 2021లో ప్రకటించిన విలువ 877.75 సెకన్లు, దోషపరిమితి సెకనులో మూడో వంతు ప్రాంతంలో ఉంది. ప్రకటించిన నాటికి అదే అత్యంత సూక్ష్మమైన కొలత.

పుంజానికీ పాత్రకూ మధ్య తేడా పది సెకన్లకు దగ్గరగా ఉంది. పది సెకన్లంటే నూటికి ఒక వంతు కన్నా కొద్దిగా ఎక్కువ. కాని రెండు పక్షాలూ ప్రకటించిన దోషపరిమితులతో పోలిస్తే నాలుగు రెట్లకు పైబడినది. యాదృచ్ఛిక దోషాలు ఇంత తేడా తేవడం అరుదు. కాబట్టి రెండింటిలో ఒకటే నిజం కావాలి: ఏదో ఒక పద్ధతిలో గుర్తించని క్రమదోషం ఉండాలి, లేదా ప్రకృతిలోనే మనకు తెలియని మార్గం ఉండాలి. 2018లో ఫోర్నల్, గ్రిన్‌స్టీన్ అనే సైద్ధాంతికులు రెండవ మార్గాన్ని ప్రతిపాదించారు. న్యూట్రాన్లలో నూటికి ఒకటి ప్రోటాన్‌ను విడవకుండా, కంటికి చిక్కని కృష్ణకణంగా మారుతున్నదని అనుకుంటే, పాత్రలో అది తగ్గినట్టు నమోదవుతుంది. ప్రోటాన్ల లెక్కలో మాత్రం కనిపించదు. తేడా సరిగ్గా కుదురుతుంది. ఊహ చక్కనిది. కాని ఆ మార్గంలో వెలువడవలసిన గామా కిరణాల కోసం అదే ఏడాది వెదికితే అవి కనిపించలేదు. పైగా అటువంటి క్షయం నిజమైతే, సూర్యుని కంటే రెండు రెట్ల బరువున్న న్యూట్రాన్ తారలు నిలవడం కష్టం. అటువంటి తారలు ఆకాశంలో ఉన్నాయి.

ఈ వివాదంలో జపాన్‌లోని జె-పార్క్ ప్రయోగానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను. అది పుంజ పద్ధతే, అయితే ప్రోటాన్లకు బదులు ఎలక్ట్రాన్లను లెక్కిస్తుంది. న్యూట్రాన్ల సంఖ్య కోసం, ఎలక్ట్రాన్లను పట్టే వాయుశోధకంలోనే కొద్దిగా హీలియం-3 కలుపుతారు. రెండు లెక్కలూ ఒకే పాత్రలో జరుగుతాయి కాబట్టి కొన్ని దోషాలు పరస్పరం రద్దవుతాయి. 2024లో వెలువడిన వారి ఫలితం 877.2 సెకన్లు, క్రమదోషం నాలుగు సెకన్ల దాకా ఉంది. కృష్ణకణ క్షయంలో ఎలక్ట్రాన్ కూడా పుట్టదు. అటువంటప్పుడు ఈ ప్రయోగం కూడా దీర్ఘమైన విలువనే ఇవ్వాలి. కాని పాత్ర పక్షాన నిలిచింది. దోషపరిమితి ఇంకా పెద్దది కాబట్టి తీర్పు తుదిది కాదు. అయినా లోపం ప్రోటాన్ల గణనలోనే ఉండవచ్చునన్న అభిప్రాయానికి ఇది బలమిస్తుంది. శూన్యనాళికలో మిగిలిన వాయుకణాలు బంధించిన ప్రోటాన్లను నిరావేశం చేసి లెక్కకు రాకుండా తప్పిస్తున్నాయేమోనని కొందరు ఇదివరకే సందేహించారు.

పది సెకన్ల కోసం ఇంత శ్రమ అవసరమా అని అడిగేవారికి ఆదిమ విశ్వమే సమాధానం. మహావిస్ఫోటం జరిగిన సుమారు ఒక సెకనుకు, ఆరు ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ చొప్పున మిగిలాయి. అప్పటి నుండి న్యూట్రాన్లు క్షయం కావడం మొదలుపెట్టాయి. మొదటి కొన్ని నిమిషాలలో విశ్వం తగినంత చల్లబడేదాకా డ్యుటీరియం నిలవలేకపోయింది. ఏర్పడగానే కాంతి దానిని చీల్చివేసేది. అది నిలవగలిగే వేళకు నిష్పత్తి ఏడుకు ఒకటి అయింది. మిగిలిన న్యూట్రాన్లలో దాదాపు అన్నీ డ్యుటీరియం మీదుగా హీలియంలో చేరి స్థిరబద్ధమయ్యాయి. విశ్వంలోని సాధారణ పదార్థపు ద్రవ్యరాశిలో దాదాపు నాలుగో వంతు హీలియం కావడానికి ఇదే హేతువు. న్యూట్రాన్ ఆయువులో ఒక్క సెకను మారితే ఈ హీలియం వాటా సుమారు 0.0002 మారుతుంది. ఆకాశ పరిశీలనల సూక్ష్మత పెరిగినకొద్దీ, సిద్ధాంతంలో వాడే న్యూట్రాన్ ఆయువు అనిశ్చితంగా ఉండడం పెద్ద అడ్డంకి అవుతుంది.

హీలియంగా మారకుండా కొద్దిపాటి డ్యుటీరియం మిగిలిపోయింది: లక్ష హైడ్రోజన్ కేంద్రకాలకు రెండు మూడు. నక్షత్రాలు డ్యుటీరియాన్ని దహిస్తాయే గాని లెక్కించదగినంత తయారు చేయవు. కాబట్టి గోదావరి నీటిలోని డ్యుటీరియం ఆ తొలి నిమిషాలదే. భూమి నీటిలో దాని పాలు విశ్వసగటు కన్నా ఎక్కువగా ఉండడానికి కారణం, సూర్యుడు పుట్టకముందు అతిశీతల మేఘాలలో జరిగిన రసాయన వినిమయం. అశ్వాపురంలోని చల్లని స్తంభంలో జరిగేది కూడా అదే జాతి చర్య. స్వేచ్ఛగా ఉంటే పావుగంట నిలవని కణం, ప్రోటాన్‌తో బంధం కుదిరినందువల్ల 1,380 కోట్ల సంవత్సరాలుగా చెక్కుచెదరక, పీపాలలో నిండి ఇక్కడి నుండి అణువిద్యుత్ కేంద్రాలకు వెళుతున్నది.

ఈ ప్రాంతపు కళాశాలలలో భౌతికశాస్త్రం బోధించే అధ్యాపకులకు ఒక విన్నపం. న్యూట్రాన్ సగటు జీవితకాలం 878 సెకన్లని బోర్డు మీద రాసి ఊరుకోవద్దు. అది పాత్ర పద్ధతి విలువ అనీ, ప్రోటాన్లను లెక్కించిన పుంజ పద్ధతి విలువ 887.7 అనీ, రెండింటి దోషపరిమితులు ఇవీ అనీ పక్కనే రాయండి. పది సెకన్ల ఈ తేడా ఇంకా తేలలేదని విద్యార్థికి తెలియాలి. దానిని తేల్చే ప్రయోగాలు ఇప్పటికీ సాగుతున్నాయి.